పై స్లాబ్ వేడికి రాత్రిళ్లు నిద్ర లేదు, కరెంటు బిల్లు మూడు వేలు దాటింది. ముందు ఏం చేయించాలి?

భీమారం రోడ్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. మాది హన్మకొండలో భీమారం వైపు, జీ ప్లస్ వన్ ఇల్లు. కింద అద్దెకిచ్చి పైన మేముంటున్నాం, మా నెత్తి మీద స్లాబే, ఇంకో అంతస్తు లేదు. స్లాబు సుమారు వెయ్యి చదరపు అడుగులు. పైన మామూలు సిమెంటు ఫినిషింగే, టైల్స్ గానీ పెయింట్ గానీ ఎప్పుడూ వేయించలేదు. పడమర పక్క ప్లాటు ఖాళీగా ఉంది, అందుకని మధ్యాహ్నం రెండు గంటల నుంచి పొద్దుగూకే దాకా ఎండ మొత్తం మా పడకగది గోడ మీదే పడుతుంది.

పగలు ఎట్లనో గడిచిపోతుంది కానీ రాత్రే కష్టం. తొమ్మిదింటికి డాబా మీదికి వెళ్తే గాలి హాయిగా ఉంటుంది, కిందికి దిగి గదిలోకి వస్తే పైనుంచి సెగ కొడుతుంది. మంచం మీద నిలబడి స్లాబుకి చెయ్యి ఆనిస్తే రాత్రి పదకొండింటికి కూడా వెచ్చగా తగులుతుంది, ఫ్యాను వేస్తే ఆ వేడినే కిందికి తోస్తుంది. అమ్మకి డెబ్బై దాటాయి, బీపీ ఉంది, ఆమె కోసం ఏసీ వేయక తప్పదు. మొన్న మే నెల 430 యూనిట్లు కాలింది, బిల్లు మూడు వేలు దాటింది. ఒకటిన్నర టన్ను ఏసీ రాత్రంతా నడిచినా తెల్లవారుజాము దాకా గది చల్లబడినట్టు అనిపించదు.

ముగ్గురిని అడిగితే మూడు రకాలుగా చెప్తున్నారు. ఒక ఇంటీరియర్ కాంట్రాక్టరు ఫాల్స్ సీలింగ్ చేయించండి, వేడి అక్కడే ఆగిపోతుంది అంటున్నాడు, అడుగుకి 80 చెప్పాడు. పెయింట్ షాపులో కూల్ రూఫ్ పెయింట్ చాలు అన్నారు. మా మేస్త్రి మాత్రం పైన రేకుల షెడ్డు వేయించండి సార్, నీడా ఉంటుంది, బట్టలూ ఆరేసుకోవచ్చు అన్నాడు. నా దగ్గర ఇప్పటికి అరవై వేల దాకా ఉంది. దేనికి పెట్టాలి? నిజంగా చేయించుకున్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

సైటు మనిషి ఇచ్చిన జవాబు:

అన్నా, నేను కాజీపేటలో సైట్ల మీద పని చేస్తాను, ఇళ్ల పనే. ముందు ఫాల్స్ సీలింగ్ మాట పక్కన పెట్టండి, ఎందుకో చెప్తాను.

మీ స్లాబు అయిదంగుళాల కాంక్రీటు. పొద్దున్నుంచి ఎండ తింటుంది. కాంక్రీటు వేడిని ఆపేది కాదు, దాచుకుని నిదానంగా కిందికి వదిలేది. పైన తగిలిన ఎండ కింది వైపు తేలడానికి కొన్ని గంటలు పడుతుంది, అందుకే మీకు పగలు కన్నా సాయంత్రం ఆరు నుంచి అర్ధరాత్రి దాకా ఎక్కువ బాధ. బయట గాలి చల్లబడ్డాక కూడా స్లాబు పొయ్యి మీంచి దించిన పెనంలాగా సెగ వదులుతూనే ఉంటుంది. మీ ఏసీ గదిలో గాలిని చల్లబరుస్తుంది గానీ నెత్తి మీదున్న అంత పెద్ద వేడి బండతో రాత్రంతా కొట్లాడుతోంది, యూనిట్లు అక్కడే పోతున్నాయి.

ఫాల్స్ సీలింగ్ వేస్తే ఏమవుతుంది? స్లాబు వేడెక్కడం ఆగదు. వేడెక్కిన స్లాబుకీ మీకూ మధ్య పలుచటి జిప్సం బోర్డు ఒకటి, కాస్త గాలి సందు ఒకటి వస్తాయి. కొంత తేడా తెలుస్తుంది, కాదనను, కానీ ఆ సందులో గాలి కూడా వేడెక్కి బోర్డు కూడా వేడెక్కి చివరికి సెగ వస్తుంది. పైగా ఎత్తు పోతుంది, ఫ్యాను మంచానికి దగ్గరవుతుంది. స్లాబు ఎక్కడైనా కారితే బోర్డు మీద మచ్చ పడేదాకా తెలియదు. సీలింగ్ లోపల గ్లాస్ వూల్ (గాజు పీచు) లాంటిది పరిస్తే అది వేరే మాట, అప్పుడు నిజంగా పని చేస్తుంది. మామూలుగా 80 రూపాయల రేటులో అది ఉండదు, అడిగి చూడండి.

ఎండని స్లాబు లోపలికి రాకముందే పైనే ఆపాలి. అందులో రెండు దార్లు. ఒకటి తెలుపు, అంటే ఎండని వెనక్కి కొట్టేయడం. మీ సిమెంటు ఫినిషింగ్ పన్నెండు, పదిహేనేళ్లకి నల్లబడి ఉంటుంది, మీద పడ్డ ఎండలో సగానికి పైనే లోపలికి తాగేస్తుంది. మంచి తెల్ల పూత కొత్తగా ఉన్నప్పుడు అందులో ముప్పావు వంతు దాకా వెనక్కి పంపేస్తుంది. రెండోది ఇన్సులేషన్, అంటే పైన ఫోమ్ షీట్ పరిచి వేడి దిగకుండా అడ్డు పెట్టడం. దీనికి సైట్లో ఎక్స్‌పీఎస్ షీట్ అంటారు, గట్టిగా ఉంటుంది, మీద నడవొచ్చు, నీళ్లు పీల్చదు. ముందు వాటర్‌ప్రూఫింగ్, దాని మీద రెండంగుళాల షీటు, దాని మీద గుడ్డలాంటి జియో టెక్స్‌టైల్, ఆపైన కోళ్ల జాలీ వేసి పలుచగా కాంక్రీటు, అంతా అయ్యాక తెల్ల టైల్. లెక్క చెప్పాలంటే కప్పులోంచి వేడి ఎంత దిగుతుందో యూ వాల్యూ అని కొలుస్తారు, ఎంత తక్కువైతే అంత మంచిది. ఉత్త స్లాబుకి అది 3 పైన ఉంటుంది. ఇళ్ల కోసం కేంద్రం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహితలో పైకప్పుకి 1.2 దాటొద్దని ఉంది. రెండంగుళాల ఎక్స్‌పీఎస్ వేస్తే అర దగ్గరికి వచ్చేస్తుంది.

కానీ మీ అరవై వేలకి వెయ్యి అడుగులు టైల్‌తో సహా అవదు. మా దగ్గర ఈ మధ్య చేసిన సైటులో అడుగుకి 150 పైన పడింది. బరువు కూడా చూసుకోవాలి, రెండంగుళాల కాంక్రీటు అంటేనే చదరపు మీటరుకి వంద కిలోల పైనే. పాత స్లాబైతే ఇంజినీరుకి చూపించకుండా ఎక్కించొద్దు. పైన ఇప్పటికే ఇటుక ముక్కలు పరిచిన బరువైన పొర, అదే కోబా, వేసి ఉంటే మరీ జాగ్రత్త.

కూలర్ బ్యాచ్ ఇచ్చిన జవాబు:

ఇంత ఖర్చెందుకన్నా, సాయంత్రం ఆరింటికి డాబా మీద పైపు పెట్టి నాలుగు బకెట్ల నీళ్లు చల్లండి, అంతే. మా ఇంట్లో ఎప్పటి నుంచో అదే చేస్తాం. కూలర్ పెట్టి ఎదురు కిటికీ తెరిచి పడుకుంటాం. ఏప్రిల్, మేలో మన దగ్గర గాలి ఎండిపోయి ఉంటుంది కాబట్టి కూలర్ ఏసీ కన్నా ఏం తక్కువ కాదు, కరెంటు అయితే ఏసీలో పదో వంతు కాలుతుంది.

సైటు మనిషి:

నీళ్లు చల్లితే పని చేస్తుంది, అబద్ధం కాదు, నీళ్లు ఆవిరవుతూ స్లాబు వేడిని లాక్కుపోతాయి. కానీ మే నెలలో బోర్లు ఎండిపోయి ట్యాంకర్ కొనుక్కునే కాలనీలు మన దగ్గర ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ఇంకోటి, సన్న పగుళ్లున్న స్లాబు మీద రోజూ నీళ్లు నిలిస్తే లోపలి ఇనుము తుప్పు పడుతుంది. వాటర్‌ప్రూఫింగ్ బాగుండి, నీళ్లు దొరికితే చల్లుకోండి. కూలర్ విషయం మాత్రం ఒప్పుకుంటా, జూన్‌లో మబ్బులు కమ్మి ఉక్క మొదలయ్యేదాకా అదే మంచిది.

కరీంనగర్ అక్క ఇచ్చిన జవాబు:

తమ్ముడూ, మాది కరీంనగర్, మాదీ పై అంతస్తే. మేము ప్రతి ఏడూ స్లాబుకి సున్నం వేయిస్తాం, మీకు ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నా.

ఖర్చు తక్కువ కానీ పని సరిగ్గా చేయాలి. ముందు స్లాబంతా ఊడ్చి, నాచు ఉన్నచోట ఇనుప బ్రష్షుతో గీకి, నీళ్లతో కడిగించాలి. దుమ్ము మీద వేస్తే నెలకే పెచ్చులు లేస్తుంది. సున్నాన్ని ముందురోజు రాత్రే డ్రమ్ములో నానబెట్టి పొద్దున జల్లెడతో వడకట్టాలి, అందులో ఫెవికాల్ కలపాలి, మేము బకెట్టుకి ఓ అరకిలో దాకా కలుపుతాం, కొందరు తెల్ల సిమెంటు కూడా వేస్తారు. స్లాబుని కాస్త తడిపి, ఎండ తగ్గాక సాయంత్రం పూట మొదటి పూత, అది ఆరాక అడ్డంగా రెండో పూత. కాలే స్లాబు మీద మధ్యాహ్నం వేస్తే పొడిపొడిగా రాలిపోతుంది. పనివాళ్ల కళ్లకి అద్దాలు, చేతులకి గ్లౌజులు మనమే ఇవ్వాలి. సున్నం కంట్లో పడితే చాలా ప్రమాదం, ఈ ఒక్క విషయంలో మాత్రం నిర్లక్ష్యం చేయొద్దు.

ఉగాది లోపు వేయించుకుంటే వానలు వచ్చేదాకా తెల్లగా ఉంటుంది. వానాకాలంలో సగం కడిగిపోతుంది, మళ్లీ ఏడాది మళ్లీ వేయాలి, అదొక్కటే ఇబ్బంది. మాకు కూలీలతో కలిపి అడుగుకి నాలుగైదు రూపాయలు పడుతుంది.

తేడా అంటే, మా అత్తమ్మ గదిలో రాత్రి ఏసీ లేకుండా కూలర్‌తోనే పడుకోగలుగుతున్నారు. మాకు ప్రభుత్వ గృహజ్యోతి పథకం ఉంది, 200 యూనిట్ల లోపైతే జీరో బిల్లు, దాటితే మొత్తం కట్టాలి. ఇదివరకు మే నెలలో ప్రతిసారీ 230, 240 అయ్యేది, అంటే పదమూడు వందలు పైన కట్టేవాళ్లం. సున్నం వేసినప్పటి నుంచి 200 లోపు ఆపుకోగలుగుతున్నాం. మాలాంటి వాళ్లకి ఆ నలభై యూనిట్లు చాలా పెద్ద విషయం.

భీమారం రోడ్:

అక్కా, చాలా థాంక్స్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. సైటు అన్నకి కూడా. మాకు గృహజ్యోతి వర్తించదు. ఒక సందేహం, సున్నానికీ షాపులో చెప్పే కూల్ రూఫ్ పెయింటుకీ నిజంగా అంత తేడా ఉందా? పెయింటు మొత్తం పాతిక వేలు దాటేట్టుంది. అది ఎన్నేళ్లలో తిరిగొస్తుంది?

యూనిట్ల లెక్క ఇచ్చిన జవాబు:

బిల్లు సంగతి నేను చెప్తాను, ఎందుకంటే చాలామంది మొత్తం బిల్లుని యూనిట్లతో భాగించి సగటు తీస్తారు, అది తప్పు లెక్క అవుతుంది.

మన వైపు కరెంటు ఇచ్చే సంస్థ ఎన్‌పీడీసీఎల్‌లో ఇంటి కనెక్షన్ నెలకి 200 దాటితే మొదటి 200కి యూనిట్ 5.10, ఆ తర్వాత 300 దాకా 7.70, 400 దాకా 9, అక్కణ్నుంచి 800 దాకా 9.50. మీ 430కి ఎనర్జీ చార్జీలే 2,975 అవుతాయి, మిగతా చార్జీలు వేరే. మీరు తగ్గించే యూనిట్లు కింది నుంచి తగ్గవు, పైనుంచి తగ్గుతాయి. వంద యూనిట్లు తగ్గించి 330కి తెచ్చారనుకోండి, 2,060 అవుతుంది, అంటే వందకి 915 మిగిలింది, యూనిట్ తొమ్మిది రూపాయల పైనే. ఇంకో మాట, 200 దగ్గర ఒక మెట్టుంది. సరిగ్గా 200 కాలిస్తే 820, 201 కాలిస్తే 1,027 దాటుతుంది, ఒక్క యూనిట్‌కి రెండు వందలు. కరీంనగర్ మేడం ఇంట్లో లాగా ఆ గీతకి దగ్గరున్నవాళ్లకి స్లాబు మీద పెట్టే ప్రతి రూపాయీ వెంటనే తిరిగొస్తుంది.

ఇక మీ సంగతి. ఐఐఐటీ హైదరాబాద్, అమెరికా బర్క్‌లీ ల్యాబ్ కలిసి హైదరాబాద్‌లోని వాణిజ్య భవనాల మీద చేసిన పరిశోధనలో మామూలు కాంక్రీటు స్లాబుని తెల్లగా చేస్తే ఏసీకి అయ్యే కరెంటు 10 నుంచి 19 శాతం తగ్గింది. అవి పగలు నడిచే ఆఫీసులు, మీది రాత్రి నడిచే ఇల్లు, అచ్చం అంతే వస్తుందని చెప్పను. మీ 430లో ఏసీ వాటా ఓ 250 అనుకుంటే పెయింటుతో నెలకి పాతిక నుంచి యాభై యూనిట్లు, అంటే రెండు వందల ముప్పై నుంచి నాలుగు వందల యాభై రూపాయలు. మార్చి నుంచి జూన్ దాకా నాలుగు నెలలు వేసుకోండి. పాతిక వేల పెయింటు ఉత్త బిల్లు మీదే తిరిగి రావాలంటే పెయింటు జీవితకాలం కన్నా ఎక్కువే పడుతుంది. నిజం చెప్పాలి కాబట్టి చెప్తున్నా. సున్నం అయితే అయిదు వేలు, అంతే యూనిట్లు తగ్గితే ఆ ఏటి ఖర్చులో అయిదో వంతు నుంచి మూడో వంతు దాకా ఆ ఏడే వెనక్కి వస్తుంది.

సైటు మనిషి:

లెక్క బాగుంది సార్, కానీ దీన్ని బిల్లుతోనే తూచొద్దు. ఆయన అడిగింది అమ్మగారి నిద్ర గురించి కూడా. గది రెండు మూడు డిగ్రీలు తగ్గితే ఏసీ 22లో పెట్టేవాళ్లు 26లో పెట్టి ఫ్యాను వేసుకుంటారు, ఏసీలకి స్టార్ రేటింగ్ ఇచ్చే బీఈఈ వాళ్ల లెక్కలో ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం కరెంటు మిగులుతుంది, అది మీ లెక్కలో లేదు. రెండోది, ఏళ్లు గడిచిన స్లాబు ఎలాగూ వాటర్‌ప్రూఫింగ్ అడుగుతుంది. ఎటూ పూత వేయించాల్సి వచ్చినప్పుడు అదే తెల్లదనం ఉన్న వాటర్‌ప్రూఫ్ పూత వేయిస్తే అదనంగా పడేది తక్కువే. మూడోది, రోజూ అరవై డిగ్రీల దాకా కాగి రాత్రికి చల్లారే స్లాబు పగుళ్లిస్తుంది, తెల్లగా ఉంటే అంత కాగదు.

పెయింటు కొంటే డబ్బా మీద ఎస్ఆర్ఐ అని ఉందా చూడండి, అది ఎండని వెనక్కి కొట్టి, తాగిన వేడిని వదిలేసే గుణానికి కొలత, వంద దగ్గరగా ఉంటే మంచిది. ఊరికే తెల్ల ఎక్స్‌టీరియర్ ఎమల్షన్ ఇచ్చి కూల్ పెయింట్ అని అంటగట్టేవాళ్లున్నారు. మన రాష్ట్రంలో 2023లో కూల్ రూఫ్ పాలసీ వచ్చింది, 600 గజాల పైన ప్లాటులో కట్టే ఇళ్లకి, కమర్షియల్, ప్రభుత్వ బిల్డింగులకి తప్పనిసరి అన్నారు, చిన్న ఇళ్లకి మన ఇష్టం. అప్పటి నుంచి ప్రతి కంపెనీ డబ్బా మీద కూల్ అని రాసేస్తోంది.

గోదావరిఖని ఇచ్చిన జవాబు:

మీరంతా స్లాబు గురించి మాట్లాడుతున్నారు, మా సంగతి కూడా వినండి. మాది సిమెంటు రేకుల ఇల్లు. రామగుండం వైపు ఎండ ఎట్లుంటదో అందరికీ తెలిసిందే, రోహిణి కార్తెలో పగలు ఇంట్లో కూర్చోలేం, కానీ రేకు పలుచన కాబట్టి రాత్రి పదింటికల్లా చల్లబడుతుంది. స్లాబు వాళ్లకి రాత్రి కష్టం, మాకు పగలు కష్టం. మేము పైన తెల్ల పూత వేయించి, కింద వెదురు తడకలతో సీలింగ్ కట్టించాం. రేకుకీ తడకకీ మధ్య జానెడు సందు వదిలి రెండు గోడల పైభాగంలో గాలి పోయేలా రంధ్రాలు వదిలాం, ఆ వేడి గాలి అటు నుంచి అటే పోతుంది. అది వదలకపోతే తడక పెట్టి లాభం లేదు.

సిమెంటు రేకులున్నవాళ్లు ఒకటి గుర్తు పెట్టుకోండి. పాత రేకుల్లో ఆస్బెస్టాస్ అనే రాతి పీచు ఉంటుంది. పొడిగా ఉన్నప్పుడు ఇనుప బ్రష్షుతో రుద్దొద్దు, డ్రిల్లు పెట్టొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు. తడిపి, మెత్తటి చీపురుతోనే కడగండి, ముక్కుకి గుడ్డ కాదు మంచి మాస్కు కట్టుకోండి. ఇంకోటి, కొందరు చవగ్గా ఉందని రేకుల కింద ఉత్త థర్మాకోల్ షీట్లు అతికిస్తున్నారు. వంటింట్లో అసలే వద్దు. నిప్పంటుకుంటే నిమిషాల్లో మొత్తం కరిగి మీద పడుతుంది, ఆ పొగ ఇంకా ప్రమాదం.

షికాగోలో ఓరుగల్లు ఇచ్చిన జవాబు:

మాది హంటర్ రోడ్, ఇప్పుడు షికాగో దగ్గర ఉంటున్నాను. ఇక్కడ మనకి తిరగేసిన సమస్య. చలికాలంలో బయట మైనస్ పదిహేను, ఇరవై ఉన్నప్పుడు లోపలి వేడి బయటికి పోకుండా ఆపుకోవాలి, లేకపోతే గ్యాస్ బిల్లు మోత మోగుతుంది. ఇంటి కప్పు కింద అటక ఉంటుంది, అందులో అడుగు మందం పైగా ఫైబర్ గ్లాస్ గానీ కాగితపు పీచు గానీ ఊది నింపుతారు. అయితే ఇక్కడ పని చేసేవాళ్లు మొదట చూసేది మందం కాదు, సందులు. ఇంటి తలుపుకి పెద్ద ఫ్యాను బిగించి గాలి బయటికి లాగి, ఎక్కడెక్కడ నుంచి చల్లగాలి దూరుతోందో వెతుకుతారు, కిటికీ అంచులు, వైర్లు వెళ్లే రంధ్రాలు అన్నీ ముందు మూసి ఆ తర్వాతే ఇన్సులేషన్ వేస్తారు.

మన ఇళ్లకి అన్నిసార్లూ ఇది పనికిరాదు, కూలర్ వాడేవాళ్లకి గాలి బయటికి పోయే దారి ఉండాల్సిందే. కానీ మీరు రాత్రంతా ఏసీ వేసే ఒక్క గది ఉంది కదా, దానికి మాత్రం ఇదే సూత్రం. తలుపు కింద వేలు దూరేంత సందు, పైన వెంటిలేటరు జాలీ, మూతపడని స్లైడింగ్ కిటికీ, ఏసీ పైపు కోసం కొట్టిన రంధ్రం చుట్టూ ఖాళీ, ఇవన్నీ మా నాన్నగారి ఇంట్లో చూశాను. తలుపు కింద రబ్బరు పట్టీ, కిటికీ అంచులకి బ్రష్ పట్టీ, వెంటిలేటర్‌కి రాత్రి పూట మూసి పగలు తెరిచే చెక్క, అన్నీ కలిపి వెయ్యి, రెండు వేలు. స్లాబు కన్నా ముందే ఈ వారాంతంలో చేసుకోవచ్చు.

భీమారం రోడ్:

అన్నా, మా ఏసీ పైపు దగ్గర నిజంగానే ఖాళీ ఉంది, ఇప్పుడే వెళ్లి చూశాను, అవతలి వెలుతురు కనిపిస్తోంది. అది రేపే మూయిస్తా. పడమర గోడ గురించి కూడా చెప్పండి ఎవరైనా. మేస్త్రి చెప్పిన రేకుల షెడ్డు గురించి కూడా ఎవరూ మాట్లాడలేదు.

సైటు మనిషి:

పడమర గోడకి సజ్జ పని చేయదు, పొద్దు దిగేటప్పుడు ఎండ అడ్డంగా వస్తుంది, సజ్జ కింది నుంచే దూరిపోతుంది. దక్షిణానికే సజ్జ ఉపయోగం. పడమరకి నిలువు నీడ కావాలి. గోడకి ఒకటిన్నర అడుగు దూరంలో ఇనుప ఫ్రేము కట్టి షేడ్ నెట్ వేయండి, గోడకి ఆనకూడదు, మధ్యలో గాలి ఆడాలి. కింద జాగా ఉంటే తీగ పాకించండి, ఇంకా మంచిది. కిటికీకి లోపల ఎంత మందం పరదా వేసినా ఎండ అద్దం దాటి లోపలికొచ్చాక వేడి లోపలే ఉంటుంది, అందుకే అడ్డు ఎప్పుడూ అద్దానికి బయటే ఉండాలి, వెదురు చిక్ తెర అయినా సరే. పక్క ప్లాటు మీది కాదు కాబట్టి ఫ్రేము మీ హద్దు దాటకుండా చూసుకోండి.

రేకుల షెడ్డు నీడగా బాగా పని చేస్తుంది, స్లాబుకి ఎండే తగలదు. అయితే నాలుగు వైపులా మూసేస్తే కింద వేడి గాలి నిలబడుతుంది, తెరిచి ఉంచాలి. మన దగ్గర ఏప్రిల్, మేలో వచ్చే గాలివానకి సరిగా బిగించని రేకులు లేచిపోతాయి, స్తంభాల బోల్టులు స్లాబులో దిగినచోట కారుతుంది. మీ బడ్జెట్‌కి అవదు కూడా. ఎప్పుడైనా సోలార్ పెట్టించుకునే ఆలోచన ఉంటే షెడ్డు డబ్బు దానికి దాచుకోండి, ఎత్తు ఫ్రేము మీద ప్యానెల్స్ పెడితే అవే నీడ.

యూనిట్ల లెక్క:

ఇది నిజం. మూడు కిలోవాట్ల సోలార్ రోజుకి సుమారు పన్నెండు యూనిట్లు ఇస్తుంది. కేంద్రం సూర్య ఘర్ పథకంలో దానికి సబ్సిడీ 78 వేలు. మీలాంటి 430 యూనిట్ల ఇంటికి వేసవిలో చాలా వరకు సరిపోతుంది. కానీ ముందు స్లాబుని బాగుచేసుకుని తర్వాత వెళ్లండి, ప్యానెల్స్ వచ్చాక వాటి కింద పూత వేయడం కష్టం.

కరీంనగర్ అక్క:

తమ్ముడూ, మొత్తం ఒకేసారి చేయించకు. ఈసారి అమ్మగారి గది పైన ఒక్కచోట సున్నం వేయించి పక్క గదితో పోల్చి చూడు. రాత్రి పదింటికి రెండు గదుల్లో స్లాబు కింద చెయ్యి పెడితేనే తెలిసిపోతుంది. కరోనా టైంలో కొన్న నుదుటి థర్మామీటర్ ఇంట్లో ఉంటే అందులో వస్తువుల వేడి చూపే మోడ్ ఉందేమో చూడు, ఉంటే అంకెలు కూడా రాసుకోవచ్చు.

భీమారం రోడ్:

సరే అక్కా, అట్లనే చేస్తాను. ఏసీ గది సందులు మూసి, పడమర నెట్ కట్టించి, అమ్మ గది పైన సున్నం. ఇవన్నీ కలిపినా పన్నెండు వేలు దాటేట్టు లేదు. తేడా బాగుంటే వానాకాలం తర్వాత స్లాబు మొత్తానికి వాటర్‌ప్రూఫ్ తెల్ల పూత వేయిస్తాను. సైటు అన్నా, ఒక్కటే చివరి ప్రశ్న, ఒక మూల స్లాబు మీద వాననీళ్లు రెండు మూడు రోజులు నిలుస్తాయి. దాని మీదే పూత వేయించొచ్చా?

సైటు మనిషి:

వద్దన్నా. నీళ్లు నిలిచే చోట ఏ పూతయినా మొదటి వానాకాలంలోనే బుడగలు లేస్తుంది. ముందు ఆ మూల వాలు సరిచేయించండి, పైపు నోరు చుట్టూ పాత సిమెంటు తీసి గుండ్రంగా కొత్తగా చేయించి, బకెట్ నీళ్లు పోసి మొత్తం పైపులోకి పోతున్నాయో లేదో నిలబడి చూసుకోండి. పిట్టగోడకీ స్లాబుకీ కలిసే మూలన కూడా సిమెంటుతో వంపు కట్టించాలి, పూత ఆ వంపు మీంచి గోడ మీదికి జానెడు ఎక్కాలి. ఇవన్నీ దసరా తర్వాత వానలు పూర్తిగా ఆగి, స్లాబు లోపలి తడి ఆరాక మొదలుపెట్టండి. ఏ కంపెనీ డబ్బా కొన్నారో అప్పుడు ఇక్కడే ఫోటో పెట్టండి, చూసి చెప్తాను.